క్రాష్ అవ్వని సాయంత్రాలు

"మెయిన్ ఎవరు ఆపారు?"

గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి అరవలేదు. అరిచి ఉంటే కిందింటి అబ్బాయికి కాస్త తేలిగ్గా ఉండేది. ఆమె అరచేతిలో చిన్న తెల్లటి ముక్క ఒకటి ఉంది. దాని మధ్యలో వెంట్రుకంత సన్నటి గీత.

అబ్బాయి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా పొట్ట విప్పిన కంప్యూటర్, పక్కన స్క్రూలు పోసిన టీ సాసర్, నోట్లో టార్చ్. జవాబు చెప్పాలంటే ముందు టార్చ్ తియ్యాలి కదా. తీశాడు.

"నేనేనండి. చిన్న టెస్టింగ్. రెండు నిమిషాలే ఆపాను."

"ఆ రెండు నిమిషాల్లోనే పన్ను పగిలింది."

"అయ్యో, ఎవరికి?"

"ఎవరికీ కాదు. రేపు ఒకాయనకి పెట్టాల్సిన ముందు పన్ను. ఆయనేమో కొత్త ఉద్యోగంలో చేరుతున్నాడు, మైకు ముందు నిలబడి మాట్లాడే ఉద్యోగం. ఇప్పుడు మీరెళ్ళి చెప్పండి ఆయనకి, నోరు మూసుకుని మాట్లాడమని."

అబ్బాయికి నవ్వొచ్చింది. ఇది నవ్వే సమయం కాదని తెలిసి ఆపుకున్నాడు. ఆపుకోవడం కూడా ఆమెకి కనిపించింది.

విషయం ఏమిటంటే, ఆ ఇల్లు అబ్బాయి అక్కాబావలది. కింద వాళ్ళు ముగ్గురూ ఉంటారు. మేడ మీద వాటాలోకి ఈ అమ్మాయి, వాళ్ళమ్మ ఈమధ్యే అద్దెకి దిగారు. అమ్మాయి పని పింగాణీతో పళ్ళు తయారు చెయ్యడం. పంటి డాక్టర్లు కొలతలు పంపిస్తారు, ఈమె ఒక్కో పన్నూ చేత్తో తీర్చి, రంగు కలిపి, బల్ల మీదుండే చిన్న ఫర్నేస్‌లో కాలుస్తుంది. దాన్ని అక్క పళ్ళ పొయ్యి అంటుంది. సగం కాలిన పన్నుకి కరెంటు పోతే అది పన్నుగా మిగలదు.

"ఆపే ముందు ఒక్క కేక వేస్తే మీ సొమ్మేం పోతుంది?" అంది అమ్మాయి.

"సారీ అండి. నిజంగా సారీ. కానీ నాకూ మాటిమాటికీ పోతోంది. ఆట మంచి పట్టులో ఉండగా స్క్రీన్ నల్లబడి మొత్తం రీస్టార్ట్ అయిపోతోంది. అదెందుకో తెలుసుకుందామనే..."

"ఆటా?"

ఆ రెండక్షరాల్ని ఆమె ఎంత మర్యాదగా పలికిందంటే అబ్బాయికి చెవులు ఎర్రబడ్డాయి. రోడ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో పని చేసే మనిషి, బాధ్యత తెలిసినవాడు, ఆమె కళ్ళకి మాత్రం గోళీలాడుకునే పిల్లాడిలా కనిపించి ఉంటాడు.

ఆమె వెళ్ళిపోయాక అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడింది. "బాగుందిరా. అద్దెకి దిగినవాళ్ళని దిగీ దిగగానే తరిమేస్తావా?"

కంప్యూటర్ జబ్బుల్లో ఎప్పుడూ ఉండే జబ్బు సుళువు. అప్పుడప్పుడూ వచ్చే జబ్బే ప్రాణం తోడేస్తుంది. అబ్బాయి ఆడేది సముద్రంలో పడవ నడిపే ఆట. పాత స్నేహితులు కొందరు ఎవరింట్లో వాళ్ళు కూర్చుని ఒకే పడవలో తుపానులు దాటుతుంటారు. అంతా కలిసి తెరచాప లాగుతున్న వేళ ఇతను ఉన్నట్టుండి మాయమైపోతాడు. వాళ్ళు అతనికి మునక అని పేరు పెట్టేశారు.

తను చెయ్యని వైద్యం లేదు. డ్రైవర్లు మార్చాడు. ర్యామ్ కార్డులు తీసి, తుడిచి, పెట్టాడు. ఆట తీసేసి మళ్ళీ ఎక్కించాడు. వేడెక్కుతోందేమోనని పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టాడు. ఒకటి మార్చడం, ఎదురుచూడడం, మళ్ళీ ఇంకొకటి మార్చడం. ఒకరోజు ఒక్కసారీ అవ్వదు, మర్నాడు వరసపెట్టి అవుతుంది. చివరికి గోడలో ప్లగ్గు వదులుగా ఉందేమోనని మెయిన్ ఆపాడు, పన్ను పగలగొట్టాడు.

ఆ సాయంత్రమే కంప్యూటర్ బిగించి భయం భయంగా ఆట మొదలుపెట్టాడు. పడవ రేవు దాటింది. అప్పుడు పైకప్పులోంచి సన్నగా గుర్రుమన్న చప్పుడొకటి వినిపించింది. స్క్రీన్ నల్లబడింది.

అబ్బాయి మెట్లు రెండేసి ఎక్కి పైకి పరిగెత్తాడు.

"మళ్ళీ మెయిన్ ఆపడానికా?" అంది అమ్మాయి తలుపు తీస్తూనే.

"మీరిప్పుడు ఏం ఆన్ చేశారు?"

"ఫర్నేస్. మీరు పగలగొట్టిన పన్ను మళ్ళీ చేస్తున్నాను. ఆన్ చేస్తే ముందు లోపలి గాలి లాగేసే పంపు తిరుగుతుంది. ఆ చప్పుడు కూడా కష్టంగా ఉందా మీకు?"

"లేదు లేదు. మీరు నాకో సాయం చెయ్యాలి."

ఆ పన్ను కాలి బయటికొచ్చేదాకా ఆగి, ఖాళీ ఫర్నేస్‌తో పరీక్ష మొదలుపెట్టారు. ఆమె పైన, అతను కింద, మధ్యలో ఫోను.

"ఆన్ చేస్తున్నాను."

"ఆడుతోంది. ఇంకా ఆడుతోంది. ఆ, చచ్చింది."

"అంత సంతోషంగా చెబుతారేంటి?"

"ఎన్నాళ్ళ నుంచి వెతుకుతున్నానో మీకు తెలీదండి. ఇప్పటికి దొరికారు."

 అవతల నుంచి నవ్వు వినిపించింది. ఆమె నవ్వు అబ్బాయి మొదటిసారి వినడం అదే, అదీ ఫోన్లో.

రిపేరు షాపు నడిపే స్నేహితుడొకడున్నాడు, అందరూ అతన్ని డాక్టర్ అంటారు. విషయం విని ఒక్క ముక్కలో తేల్చేశాడు. "పైన ఫర్నేస్ మొదలవగానే ఇంట్లో ఓల్టేజ్ ఒక్క క్షణం పడిపోతుంది. నీ కంప్యూటర్‌లో పవర్ సప్లై ముసలిదైపోయింది. ఆట ఆడనప్పుడు తట్టుకుంటుంది, ఆటలో లోడ్ పెరిగితే తట్టుకోలేదు. కొత్తది వేసేద్దామా?"

"ఇప్పుడే వద్దులే."

"ఎందుకు?"

"ఆవిడ ఫర్నేస్ పెట్టే ముందు ఫోన్ చేస్తానన్నారు. ఆ నిమిషం ఆట ఆపుకుంటే సరిపోతుంది."

డాక్టర్ అతని ముఖంలోకి అదోలా చూశాడు. 

అలా మొదలైంది. సాయంత్రం అబ్బాయి ఇంటికి చేరగానే ఫోన్ మోగేది.

"ఆన్ చేస్తున్నాను. మీ పడవ ఒడ్డుకి కట్టేసుకోండి."

"కట్టేశాను. ఇవాళ ఎవరిది?"

"ఒక బామ్మగారిది. దవడ పన్ను. చెరుకు నమలాలట, అలా చెయ్యమన్నారు."

ఒక్క నిమిషం అనుకున్నది పన్ను కాలేంతసేపు సాగేది. తర్వాత చల్లారేంతసేపు కూడా. పళ్ళ గురించి మాట్లాడడానికి ఇంత ఉందని అబ్బాయికి అంతవరకూ తెలీదు. పన్ను ఒక్కటే తెలుపు కాదట, అంచున కాస్త నీలం, మొదట్లో కాస్త పసుపు ఉండాలట. మరీ అందంగా చేస్తే అబద్ధమని ఇట్టే తెలిసిపోతుందట.

"మీరు ఎవర్ని చూసినా ముందు పళ్ళే చూస్తారా?"

"చూడకూడదనుకుంటాను. కళ్ళు అటే పోతాయి."

"నావి ఎప్పుడైనా చూశారా?"

"కింది వరసలో ఒకటి పక్క దాని మీదికి వాలి ఉంటుంది."

"ఎప్పుడు చూశారు?"

"ఆ రోజు. మీరు నోట్లోంచి టార్చ్ తీసినప్పుడు."

అంత కోపంలో ఉండి కూడా చూసిందన్నమాట. ఆ మర్నాడు పొద్దున అబ్బాయి అద్దం ముందు కింది పెదవి లాగి చూసుకుంటుంటే అక్క, "పంటి నెప్పా?" అని అడిగింది. అదేం లేదన్నాడు. తమ్ముడు పళ్ళు చూసుకోవడం, సాయంత్రం పూట పిలిచినా పలక్కపోవడం, ఫోన్ పెట్టేశాక ఒక్కడే కూర్చుని ఏదో గొణుక్కోవడం, అన్నీ కలిపి అక్క ఒక నిర్ణయానికొచ్చింది. వాడి ఆట పాడైపోతోందని దిగులు పెట్టుకున్నాడు పాపం అనుకుంది. ప్రేమించి పెళ్ళి చేసుకున్న మనిషికి కూడా ఇలాంటివి తమ్ముడి విషయంలో తోచవు.

ఇంకో సంగతి. అమ్మాయి వాళ్ళమ్మని అక్క పిన్నిగారూ అని పిలుస్తుంది. అబ్బాయి మాత్రం గొంతు సవరించుకుని మరీ ఆంటీ అంటాడు. ఆవిడ పిన్ని అయితే కూతురు ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

ఒక సాయంత్రం ఫోన్ రాలేదు.

పనేం లేదేమో అనుకున్నాడు. మర్నాడూ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అతను ఆడుతూనే ఉన్నాడు, చెయ్యి కీబోర్డ్ మీద, చెవి పైకప్పు మీద. ఆటకి ఏమీ కాలేదు. తుపాను మీద తుపాను దాటేశాడు. స్నేహితులు అతని మునక పేరు తీసేశారు. అంత చప్పగా ఆ ఆట ఎప్పుడూ లేదు.

నంబరు తీసి చూసేవాడు. ఏమని చెయ్యాలి? ఆమె ఫోన్ చేసేది ఫర్నేస్ కోసం. ఇతనికి ఫర్నేస్ లేదు. ఉత్తపుణ్యానికి ఫోన్ చేసి 'ఆన్ చెయ్యడం లేదేం' అని అడిగితే ఏం బాగుంటుంది?

వాన పడుతున్న ఒక రోజు మెట్ల కింద ఎదురుపడ్డారు. ఆమె గొడుగు మూస్తోంది, అతను తెరుస్తున్నాడు. ఇద్దరూ కాస్త ఆగారు. ఆమె జుట్టు మీద తుంపరలు, వేలి చివర ఆరిపోయిన పింగాణీ పొడి. ఆ వేలినే చూస్తూ నిలబడ్డాడు.

"ఆట బాగా సాగుతోందా?" అంది.

"సాగుతోందండి."

"మంచిది."

ఇంకా ఏదో అంటాడని ఆమె ఇంకొంచెంసేపు ఆగింది. వాన అయితే దంచి కొడుతోంది, అతని నోట్లోంచి మాత్రం ఒక్క మాట రాలేదు. ఆమె మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఆఫీసుకి వెళ్ళేదాకా అబ్బాయి తనని తాను తిట్టుకుంటూనే ఉన్నాడు.

వేలికి పింగాణీ పొడి ఉందంటే పని చేస్తోందన్నమాట. పని చేస్తోందంటే ఫర్నేస్ పెడుతోందన్నమాట. మరి క్రాష్ ఎందుకు అవ్వడం లేదు? తను ఆఫీసులో ఉండే వేళ చూసుకుని కాలుస్తోందా? ఫోన్ చెయ్యాల్సి వస్తుందనా? ఆ ఆలోచన వచ్చాక అన్నం సహించలేదు. ఒంట్లో బాలేదని ఆఫీసుకి సెలవు పెట్టి, పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా పడవ నడిపాడు. పైనుంచి పంపు చప్పుడు వినిపిస్తూనే ఉంది. వినిపించిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టి స్క్రీన్ వైపు చూశాడు. అది చక్కగా వెలుగుతోంది.

అయితే తేడా కంప్యూటర్‌లోనే ఉంది. దాన్ని ఎత్తుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు.

"ఏంటి ప్రాబ్లం?"

"క్రాష్ అవ్వడం లేదు."

డాక్టర్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఇంకోసారి చెప్పు."

"ఇంతకు ముందు అయ్యేది. ఇప్పుడు అవ్వడం లేదు. నేనేం మార్చలేదు. ముందు మార్చినవన్నీ తీసేసి పాతవే పెట్టి కూడా చూశాను. టేబుల్ ఫ్యాన్ తీసేశాను. ర్యామ్ కార్డులు తుడవకుండా పెట్టాను. అయినా అవ్వడం లేదు."

"ఈ షాపు పెట్టిన దగ్గర్నుంచి ఇలాంటి కేసు రాలేదురా నాకు."

అయినా స్నేహితుడు కదా, కంప్యూటర్‌ని లోడ్ మీద పెట్టి మధ్యాహ్నమంతా నడిపాడు. అది కిక్కురుమనలేదు.

"నిక్షేపంలా ఉంది. పవర్ సప్లై ముసలిదే, ఏదో నెట్టుకొస్తోంది. నీ రోగం ఈ డబ్బాలో లేదు. దీన్ని తీసుకెళ్ళి ఇంట్లో పెట్టి, మెట్లెక్కు."

"ఎక్కి ఏమనాలి?"

"అది నేను చెబితే ఆ అమ్మాయి నన్ను చేసుకుంటుంది."

మెట్లెక్కే ధైర్యం కూడగట్టుకోవడానికి అబ్బాయికి ఇంకా కొన్ని రోజులు పట్టేదేమో. ఆదివారం భోజనాల దగ్గర అక్క అసలు కబురు చెప్పింది.

"పైవాళ్ళు ఖాళీ చేసేస్తారట. పిన్నిగారు పొద్దున చెప్పారు. వేరే ఊళ్ళో పెద్ద ల్యాబ్ ఏదో అమ్మాయిని రమ్మంటోందట. ఆవిడైతే అప్పుడే సామాన్లు సర్దడం మొదలెట్టేశారు."

అబ్బాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"అదేంటి?" అన్నాడు బావ. ఇంట్లో ఏ తీగైనా తన చేత్తోనే బిగించాలనుకునే మనిషి ఆయన. "వాళ్ళకి మీటర్ దగ్గర్నుంచి వేరే లైన్ లాగి ఎన్నాళ్ళయిందని? రోజంతా నిచ్చెన మీద వేలాడాను. వృథా అయిపోయిందే."

"వేరే లైనా? ఎప్పుడు?"

"నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు. ఆ అమ్మాయే వచ్చి అడిగింది, కిందవాళ్ళకి నా వల్ల ఇబ్బంది అవుతోంది, వేరే లైన్ వేయించండి అని. నీకు చెప్పలేదా? నీ ఆట కోసమేగా."

"నేనే అన్నాను ఆ అమ్మాయితో," అంది అక్క గొప్పగా. "మా వాడు రోజూ నీ ఫోన్ అయ్యాక మొహం వేలాడేసుకుని గొణుక్కుంటూ కూర్చుంటాడమ్మా అని. పాపం, వెంటనే అర్థం చేసుకుంది."

అబ్బాయి అక్క వైపు చూసిన చూపుకి ఆవిడ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత చాలా నెమ్మదిగా, "ఓరినీ," అంది. "దిగులు దానికా?"

అప్పటికే అతను చెయ్యి కడుక్కుని మెట్ల మీద ఉన్నాడు.

పైన తలుపు తీసే ఉంది. హాల్లో అట్టపెట్టెలు. ఆంటీ వంటింట్లో కూర్చుని గిన్నెలకి పాత పేపర్లు చుడుతున్నారు. అమ్మాయి కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, సన్నటి కుంచెతో ఒక పన్నుకి పింగాణీ అద్దుతోంది.

"ఫోన్ ఎందుకు మానేశారు?" అన్నాడు. కూర్చోమని ఆమె ఇంకా అననేలేదు.

కుంచె ఆగింది. "ఇంక అవసరం లేదుగా. లైన్ వేరయింది. మీ బావగారు చెప్పలేదా?"

"ఇప్పుడే చెప్పారు."

"ఇన్నాళ్ళూ తెలీదా మీకు?"

"తెలీదు. కంప్యూటర్ పాడైందనుకున్నాను. రిపేరుకి కూడా తీసుకెళ్ళాను."

"క్రాష్ అవ్వకపోతే బాగున్నట్టు కదా. పాడవడమేంటి?"

"నాకు అదే పాడవడం."

ఆమె కుంచె నీళ్ళ గిన్నెలో పెట్టింది. తలెత్తలేదు. "మీ అక్కగారు అన్నారు, నా ఫోన్ అయ్యాక మీరు రోజూ గొణుక్కుంటారని. నాకు సిగ్గేసింది. ఒకరి సరదా సమయం పాడు చేస్తూ, పైగా గంటలకి గంటలు పళ్ళ కబుర్లు చెబుతున్నానే అనిపించింది."

"గొణుక్కున్న మాట నిజమే. ఆట ఆగినందుకు కాదు. మీరు ఫోన్ పెట్టేసినందుకు."

వంటింట్లో పేపర్ల గలగల. బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు, అది ఓ పట్టాన అవ్వడం లేదు.  ఈసారి వాన రోజులా ఊరుకోకూడదనుకున్నాడు అబ్బాయి.

"మీరంటే నాకు చాలా ఇష్టం. నేను ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చేది ఆట కోసం కాదు, మీ ఫోన్ వస్తుందని. అది రానప్పట్నుంచీ నాకేం బాలేదు. మీకు వెళ్ళాలని ఉంటే వెళ్ళండి, ఆపడానికి నేనెవర్ని? కానీ నాకు ఇబ్బంది అవుతోందని మాత్రం వెళ్ళకండి. అంత అబద్ధం ఇంకోటి లేదు."

ఆమె బల్ల మీది పన్నుని కాస్త పక్కకి జరిపింది. 

"ఆ ల్యాబ్‌లో నేను రంగు ఒక్కటే వెయ్యాలట. మొదలుపెట్టేది ఒకరు, ముగించేది ఇంకొకరు. ఎవరి నోట్లోకి పోతుందో కూడా చెప్పరట."

"మరి ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఇంకా ఒప్పుకోలేదు. ఇవాళ చెబుతానన్నాను. అమ్మే తొందరపడి సర్దేస్తోంది." ఆగింది. "ఆ వాన రోజు మీరేమైనా అంటారని చూశాను. ఆట సాగుతోంది అన్నారు. ఇంక ఇక్కడ ఉండి చేసేదేముంది అనిపించింది."

"నాకు మాట రాలేదు."

"నాకూ రాలేదు. ఫోన్ పట్టుకుంటే మాత్రం బాగానే వచ్చేవి." ఆమె వేలికంటిన పొడి రెండో చేత్తో తుడుచుకుంది. "మీకో సంగతి చెప్పనా? కొన్ని సాయంత్రాలు ఫర్నేస్ ఖాళీగా ఆన్ చేసేదాన్ని. లోపల పన్నే ఉండేది కాదు."

"చెరుకు బామ్మగారు?"

"బామ్మగారు నిజం. ఆ తర్వాత చెప్పిన ఇద్దరు తాతగార్లు లేరు."

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. వాలిన పన్ను కనబడకుండా పెదవులు బిగించుకోవడం అబ్బాయి మర్చిపోయాడు. ఆమె చూసింది, చూడనట్టు తల తిప్పుకోలేదు.

బల్ల మీద ఆమె ఫోన్ మోగింది. ల్యాబ్ వాళ్ళు. ఆమె ఒక క్షణం దాని వైపు, ఇంకో క్షణం అతని వైపు చూసి ఎత్తింది.

"నమస్తే సర్. నేనే చేద్దామనుకుంటున్నాను. లేదండి, రాలేను. క్షమించాలి. కారణమా?" ఆమె మళ్ళీ అతని వైపు చూసింది. "ఇంట్లో ఒప్పుకోవట్లేదండి."

వంటింట్లోంచి ఆంటీ గొంతు వినిపించింది. "నేనెప్పుడు ఒప్పుకోనన్నానే? పొద్దున్నుంచి నడుం పడిపోయేలా సర్దుతుంటే."

అమ్మాయి ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు కాదమ్మా."

పేపర్ల గలగల ఆగిపోయింది. ఆంటీ సగం చుట్టిన గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. కూతుర్ని చూశారు. బల్ల పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ అబ్బాయిని పైనుంచి కిందిదాకా చూశారు. తర్వాత అక్కడే గడప మీద కూర్చుని, గిన్నెకి చుట్టిన పేపరు నెమ్మదిగా విప్పడం మొదలుపెట్టారు.